జిడ్డు దాక్కునే చోటు



ఓటీజీ, అంటే ఓవెన్ టోస్టర్ గ్రిల్, కొన్న ఇళ్లలో ఒకసారి అటక మీదికి చూడండి. ఓవెన్‌తో పాటు వచ్చిన అట్టపెట్టె ఒకటి కనిపిస్తుంది. కోడిని గుచ్చి తిప్పే పొడవాటి చువ్వ, దానికి రెండువైపులా బిగించే ముళ్ల ఫోర్కులు, వాటి స్క్రూలు, వేడి చువ్వను పైకెత్తే రెండు కొక్కేల పిడి, కింద కొవ్వు పట్టే ట్రే, అన్నీ అందులోనే ఉంటాయి. కొన్న కొత్తలో కొన్ని ఆదివారాలు వాటికి చేతినిండా పని. ఆ తర్వాత అటకెక్కాయి. ఎందుకు వాడటం లేదమ్మా అని అడిగితే, కోడి సరిగ్గా కాలడం లేదని ఎవరూ అనరు. "ఎవరు కడుగుతారండీ ఆ జిడ్డు!" అంటారు.

ఆ మాటలో న్యాయం ఉంది. ఇడ్లీ రేకులు కడగడం వేరు, మసాలా పట్టించిన కోడి గంటకు పైగా కాలిన చువ్వను కడగడం వేరు. కానీ ఆ కష్టంలో చాలా భాగం మనం కొనితెచ్చుకున్నది. ఆలస్యంగా మొదలుపెడతాం. తోమనక్కర్లేని చోట గంటసేపు తోమి, తోమాల్సిన చోటును అసలు చూడకుండా వదిలేస్తాం. ఈ రోజు దాని గురించే మీతో మాట్లాడాలని వచ్చాను. ఇంట్లో ఓటీజీ ఉన్నవాళ్లకు, మేడ మీద బొగ్గుల గ్రిల్ పెట్టుకునేవాళ్లకు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరట్లో గ్రిల్ ఉన్న మనవాళ్లకు, రోడ్డు పక్కన అద్దాల గ్రిల్ చికెన్ మిషన్ నడుపుకుంటున్నవాళ్లకు, అందరికీ ఈ మాటలు పనికొస్తాయని నా నమ్మకం.

ముందు చువ్వకు అంటుకున్నదేమిటో చూద్దాం. మొదటిది కరిగి కారిన కొవ్వు. రెండోది మాంసంలోంచి వచ్చిన రసం, పెరుగు, మసాలా కలిసి మాడిన పెచ్చు. మూడోది అన్నిటికంటే మొండిది. పలచటి కొవ్వు పొర మళ్లీ మళ్లీ వేడెక్కి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడిన ముదురు పూత అది. ఇనుప దోసె పెనం మీద ఏళ్ల తరబడి కట్టే నల్లటి నునుపు కూడా ఇదే. పెనం మీదైతే దాన్ని కాపాడుకుంటాం, అట్టు అంటుకోకుండా లేస్తుందని. చువ్వ మీద, ట్రే మీద అదే కనిపిస్తే మాత్రం చెయ్యి నొప్పెట్టేదాకా స్టీలు పీచుతో రుద్దుతాం.

అంత రుద్దనక్కర్లేదు. లోహాన్ని గట్టిగా పట్టుకుని, రాలకుండా, జిగురు లేకుండా ఉన్న నలుపు వల్ల ఎవరికీ హాని లేదు. దానికి చిన్న పరీక్ష ఉంది. సబ్బుతో కడిగి ఆరబెట్టాక, తెల్లటి టిష్యూ కాగితం తీసుకుని గట్టిగా తుడవండి. కాగితం తెల్లగానే ఉంటే ఆ వస్తువు శుభ్రంగా ఉన్నట్టే, దాని రంగు ఎలా ఉన్నా సరే. కాగితానికి గోధుమరంగు జిడ్డో నల్లటి పొడో అంటితే పని ఇంకా మిగిలి ఉంది, పైకి ఎంత మెరుస్తున్నా సరే. మన ఇళ్లలో జరుగుతున్న పొరపాటు ఇక్కడే. నలుపును చూసి భయపడతాం, జిడ్డును చూడం. ఎందుకంటే నలుపు కళ్లెదుట ఉంటుంది, జిడ్డు చాటున ఉంటుంది.

ఆ చాటు ఎక్కడో చెబుతాను. ముళ్ల ఫోర్కును చేతిలోకి తీసుకుని దాని మెడ చూడండి. చువ్వ దూరే కంత ఒకటి, దానికి అడ్డంగా స్క్రూ దిగే మర ఒకటి. కోడి తిరుగుతున్నంతసేపూ రసం చువ్వ వెంట పాకి ఆ మెడలోకి చేరుతుంది. మనం కడిగేటప్పుడు ఫోర్కు ముళ్లు మెరిసేలా తోముతాం, స్క్రూను మాత్రం ఉన్నచోటే ఉంచేస్తాం. ఈసారి ఆ స్క్రూను పూర్తిగా విప్పండి. మరలోకి టూత్‌పిక్ దూర్చి ఒక చుట్టు తిప్పి బయటికి తీయండి. బెల్లప్పాకంలా సాగే గోధుమరంగు ముద్ద దాని కొసకు చుట్టుకుని వస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాతబడ్డ నూనె వాసన. అది కిందటి వంటది కావచ్చు, దానికి ముందటిది కూడా కావచ్చు. కంత లోపలి మూలలు, చువ్వ నలుపలకలుగా ఉంటే దాని అంచులు, మోటారులోకి దూరే కొస, ట్రే అంచు వెనక్కి మడిచిన చోటు, జాలీలో తీగ తీగను దాటే అతుకు, ఇవన్నీ ఇలాంటివే. వీటికి పీచు పనికిరాదు. పాత టూత్‌బ్రష్, పాలసీసా కడిగే సన్నటి బ్రష్, టూత్‌పిక్, ఈ మూడూ చాలు. వీటిని గ్రిల్ పెట్టెలోనే వేసి ఉంచితే వెతుక్కునే పని ఉండదు.

మళ్లీ ఓవెన్‌లో పెడతాం కదా, ఆ వేడికి క్రిములన్నీ చస్తాయి కదా అని కొందరు అడుగుతారు. క్రిములు చాలావరకు చస్తాయి, నిజమే. కానీ కొన్ని క్రిములు చచ్చేముందే విషం వదిలిపెడతాయి. మన చర్మం మీద, ముక్కులో ఉండే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అలాంటిది. దాని విషం మామూలు వంట వేడికి పోదు. తడి, మాంసం రసం, రోజుల తరబడి గది వేడి కలిసిన చోట దాన్ని పెరగనిచ్చి, తర్వాత కాల్చేస్తాంలే అనుకోవడం తగదు. పైగా పాత కొవ్వు మళ్లీ వేడెక్కితే పొగ, కమురు వాసన. పక్క ఆదివారం అదే ఓవెన్‌లో పిల్లల పుట్టినరోజుకు కేకు పెడితే, ఆ కేకు కోడి వాసన వేస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది, దయచేసి ఇది మాత్రం మరిచిపోవద్దు. చువ్వ, ఫోర్కులు కోడితో పాటు ఓవెన్‌లోకి వెళ్తాయి, కోడితో పాటే కాలుతాయి. బయటే ఉండిపోయేవి రెండు. ఒకటి కొక్కేల పిడి. పచ్చి కోడిని గుచ్చిన చువ్వను లోపలికి దించడానికి దాన్నే వాడతాం. అప్పుడు పచ్చి రసం కొక్కేలకు అంటుతుంది. పిడిని గట్టు మీద పెట్టేస్తాం. గంట పోయాక కాలిన కోడిని తీయడానికి మళ్లీ అదే పిడి. రెండోది మసాలా పూసే బ్రష్. పచ్చి కోడి నానిన గిన్నెలో ముంచి, దించబోయే ముందు చివరిసారి పూస్తే, కాలిన మాంసం మీద పచ్చి రసం పూసినట్టే. పచ్చి కోడిలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ లాంటివి ఉండే అవకాశం ఎక్కువ. కోడి లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే అవి చస్తాయి. అంత శ్రమపడి చంపిన క్రిములను మన పిడితో, మన బ్రష్‌తో మళ్లీ తెచ్చి అంటించకూడదు. కాబట్టి కోడి లోపలికి వెళ్లిన మరుక్షణమే పిడిని, స్క్రూలు బిగించిన చేతులను, గట్టును సబ్బుతో కడిగేయండి. పైపూత మసాలాను ముందే వేరే గిన్నెలోకి తీసి పెట్టుకోండి. చువ్వలు కడగడం వంట తర్వాత పని అనుకుంటాం గానీ, ఈ సగం పని వంట నడుస్తుండగానే జరగాలి.

ఇక మిగిలిన సగానికి వేళ ఏది? కోడిని దించాక కాసేపు ఆగి కోస్తాం కదా, రసం లోపలే సర్దుకోవడానికి. కోయడానికి చువ్వ ఊడదీసిన ఆ క్షణమే మంచి వేళ. చేత్తో పట్టుకోగలిగినంత వెచ్చగా ఉండగానే స్క్రూలు, ఫోర్కులు, చువ్వ విడదీసి వేడి సబ్బు నీళ్లలో వేసేయండి. తోమనక్కర్లేదు, నాననిస్తే చాలు. మీరు భోజనం చేసి వచ్చేసరికి సగం పని నీళ్లే చేసి పెడతాయి. కోడి కొవ్వు మన ఎండల్లో మెత్తగానే ఉంటుంది గానీ, మేక, గొర్రె కొవ్వు అలా కాదు. అది కరగాలంటే 40 డిగ్రీలు పైబడాలి. సీక్ కబాబ్ చేసిన సీకులను చల్లారనిస్తే వాటి మీద తెల్లగా మైనం కట్టినట్టు పేరుకుంటుంది. దాన్ని చన్నీళ్లతో కడగబోతే కొవ్వు పీచుకు, పీచు నుంచి మిగతా గిన్నెలకు, వాటి నుంచి సింకుకు పాకుతుంది. వేడి నీళ్లు లేకుండా ఈ పనికి దిగకండి.

చువ్వ పొడవు. ఏ గిన్నెలోనూ పట్టదు, సింకులో అడ్డంగా పెట్టినా సగం బయటే ఉంటుంది. దీనికి తేలికైన ఉపాయం, పాత నూలుగుడ్డను వేడి సోడా నీళ్లలో ముంచి, చువ్వకు ఆ చివర నుంచి ఈ చివర దాకా చుట్టి, పైన ఒక ప్లాస్టిక్ కవరు కప్పడం. అరగంటలో పెచ్చు మెత్తబడి గుడ్డతో పాటు ఊడి వస్తుంది. అంతకంటే ముందు చువ్వ మొనకు బంగాళాదుంప ముక్క ఒకటి గుచ్చండి. సబ్బు నురగలో మొన కనపడక చేతులు గీరుకుపోతుంటాయి.

సోడా అన్నాను కదా, ఏ సోడా? తినే సోడా నెమ్మదైనది, పేస్టులా కలిపి పట్టిస్తే మామూలు మాడుకు చాలు. బట్టల సోడా అంతకంటే చాలా ఘాటు. లీటరు వేడి నీళ్లకు రెండు చెంచాలు వేస్తే పాత జిడ్డును కూడా కదిలిస్తుంది. ఎందుకంటే క్షారం కొవ్వుతో కలిస్తే కొంత కొవ్వు సబ్బుగా మారి నీళ్లలో కలిసిపోతుంది. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. మన మసాలాలో పసుపు ఉంటుంది కాబట్టి సోడా తగలగానే నీళ్లు ఎర్రబడతాయి. కంగారు పడకండి, తుప్పు కాదది. పసుపు, క్షారం కలిస్తే కుంకుమ రంగు వస్తుందని మన ఆడవాళ్లకు సున్నం, పసుపు కలిపి పారాణి చేసిన రోజుల నుంచీ తెలుసు. సిలికాన్ బ్రష్‌కు పట్టిన పసుపు మరకను తోమి పోగొట్టలేరు. ఒకటి రెండు రోజులు ఎండలో పెట్టండి, దానంతటదే వెలిసిపోతుంది.

సోడాలో వెనిగర్ పోస్తే బుసబుసమని పొంగుతుంది, ఆ పొంగును చూసి బలంగా పనిచేస్తోందనుకుంటారు. నిజానికి క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లే. ఏదో ఒకటే వాడండి. జిడ్డుకు సోడా, నీళ్లు ఆరి మిగిలిన తెల్లటి ఉప్పు చారలకు వెనిగరో నిమ్మచెక్కో.

ఏ లోహానికి ఏది వాడాలో తెలుసుకోకపోతే మంచి వస్తువు ఒక్క రోజులో పాడవుతుంది. అల్యూమినియం ట్రేకు బట్టల సోడా తగలనివ్వకండి, నల్లబడి గరుకుతేలుతుంది. దానికి సబ్బు, వేడి నీళ్లు, ఓపిక, అంతే. తీగ జాలీల్లో చాలావాటికి క్రోమియం పూత ఉంటుంది. స్టీలు పీచుతో గీస్తే పూత లేచి, అడుగున ఉన్న ఇనుము తుప్పు పడుతుంది. నాన్‌స్టిక్ ట్రేకు లోహం ఏదీ తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు అన్నిటికంటే గట్టిది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన రకం ఉక్కు నుంచి మన ఇంటి చువ్వ దాకా దాని బలమంతా క్రోమియంలోనే ఉంది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే ఉక్కు తన మీద తానే కంటికి కనపడని పొర కట్టుకుంటుంది, ఆ పొర గీసుకుపోయినా గాలి తగిలితే మళ్లీ కట్టుకుంటుంది. దానికి శత్రువు ఉప్పు. ఉప్పు, నిమ్మరసం, పెరుగు కలిసిన మసాలాను రాత్రంతా చువ్వ మీద వదిలేస్తే సూదిమొనంత గుంటలు పడొచ్చు. గుంట పడిందంటే జిడ్డు దాక్కునే కొత్త చోటు ఒకటి మనమే తవ్వి ఇచ్చినట్టు. బ్లీచింగ్ పౌడర్ కూడా అదే పని చేస్తుంది. పైగా బ్లీచింగ్‌ను వెనిగర్‌తోనో, బాత్‌రూం కడిగే యాసిడ్‌తోనో కలిపితే విషవాయువైన క్లోరిన్ వస్తుంది. వంటింట్లో ఆ ప్రయోగం ఎప్పుడూ వద్దు.

ఇక్కడ మన పాత వంటిళ్లను తలుచుకోకుండా ఉండలేను. నూనె జిడ్డు మన అమ్మమ్మలకు కొత్త కాదు. పొయ్యిలోని కట్టెల బూడిద, కొబ్బరి పీచు, కుంకుడు రసం, చింతపండు, వీటితోనే పెళ్లిళ్ల గుండిగలు కూడా తోమారు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది క్షారమే. తడిపి పట్టిస్తే జిడ్డును సోడా లాగే విడగొడుతుంది, దాని సన్నటి రేణువులు నెమ్మదిగా తోముతాయి. కుంకుడులో సపోనిన్లు ఉంటాయి కాబట్టి నురగ వస్తుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది, అది రాగికి, ఇత్తడికి తప్ప జిడ్డుకు పనికిరాదు. ఏది దేనికో వాళ్లకు చేతి అనుభవంతో తెలుసు. మేడ మీద కట్టెబొగ్గుతో గ్రిల్ చేసుకునేవాళ్లకు బూడిద అక్కడే దొరుకుతుంది. పూర్తిగా చల్లారాక జల్లించి, రాళ్లు లేకుండా చూసి, ఇనుప సీకులకు తడి బూడిద పట్టించి కొబ్బరి పీచుతో తోమి చూడండి. త్వరగా అంటుకోవడానికి మందు కలిపిన బొగ్గుల బూడిద మాత్రం వాడొద్దు.

కొబ్బరి పీచును, ఎండిన బీరపీచును నేను మెచ్చుకోవడం పాతకాలం మీద మమకారంతో మాత్రమే కాదు. గ్రిల్ జాలీలు గీకడానికి బజారులో ఇనుప తీగల బ్రష్‌లు దొరుకుతున్నాయి. వాటి తీగ ఒక్కటి ఊడి జాలీకి అంటుకుంటే, తర్వాతి వంటలో మాంసంతో పాటు గొంతులోకి వెళ్తుంది. ఇది ఊహ కాదు. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌లో 2011, 2012ల్లో ఇలా తీగ మింగి ఆసుపత్రికి వచ్చిన ఆరుగురి వివరాలను ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2012 జూలైలో ప్రకటించింది. కొందరికి మెడలో గుచ్చుకుంది, కొందరికి పేగుల్లో. ఆ తర్వాత మిస్సోరీ విశ్వవిద్యాలయ వైద్యులు లెక్కగట్టి, 2002 నుంచి 2014 దాకా అమెరికాలో ఇలాంటి గాయాలతో అత్యవసర విభాగాలకు వచ్చినవారు 1,600 మందికి పైనే ఉంటారని అంచనా వేశారు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. తీగల బ్రష్ ఉంటే పారేయండి. కొబ్బరి పీచు పోగు ఊడి మాంసానికి అంటినా ఇనుప తీగలా గొంతులో గుచ్చుకోదు. మాడు మరీ మొండిగా ఉంటే చెక్క గరిటె అంచుతో గీకండి. వెదురు పుల్లలు వాడేవాళ్లు వాటిని కడిగి దాచకండి, అవి ఒకసారికే.

ట్రేలో మిగిలిన కొవ్వును ఏం చేయాలి? సింకులో పోసి వేడి నీళ్లు వదిలితే మన ఇంటి గొట్టం దాటేదాకా ద్రవంగానే పోతుంది. ఆ తర్వాత వీధి డ్రైనేజీలో చల్లబడి గడ్డకడుతుంది. 2017లో లండన్ వైట్‌చాపెల్ ప్రాంతంలో భూగర్భ మురుగు కాలువలో కొవ్వు, చెత్త కలిసి గట్టిపడ్డ ముద్ద ఒకటి బయటపడింది. దాని పొడవు సుమారు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. దాన్ని తొలగించడానికి కార్మికులు వారాల తరబడి కష్టపడ్డారు. మన నగరాల్లో మురుగు పొంగినప్పుడు మ్యాన్‌హోల్ దగ్గర నిలబడేవాళ్లు ఎవరో మనకు తెలుసు. ట్రే గోరువెచ్చగా ఉండగానే కొవ్వును పాత డబ్బాలోకి వంచి, చల్లారాక చెత్తబండికి ఇవ్వండి. ట్రేను ముందు వార్తాపత్రికతో తుడిచి, ఆ తర్వాతే సింకులోకి దించండి. ట్రేలో మొదటే కొంచెం నీళ్లు పోసి పెడితే కొవ్వు మాడదు, పొగ రాదు, కడగడమూ తేలిక. మీ ఓవెన్ పుస్తకం వద్దని చెప్పకపోతేనే అలా చేయండి.

ఓవెన్ లోపలి సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టాలి. వేడిచేసే రాడ్ల మీద నీళ్లు గానీ సబ్బు గానీ స్ప్రే చేయకూడదు. చువ్వ కొస దూరే మోటారు కంతను పిండిన గుడ్డతో తుడవాలి, మోటారును నీళ్లలో ముంచకూడదు. తనంతట తానే శుభ్రం చేసుకునే పెద్ద ఓవెన్లు ఉన్నవాళ్లు, అది నడిపేముందు చువ్వ, ఫోర్కులు, జాలీలు బయటికి తీసేయాలి. లోపల వేడి 480 డిగ్రీల దాకా వెళ్తుంది, ఆ వేడికి లోహం రంగు మారి పాడవుతుంది.

కడిగాక ఆరబెట్టడం మీద మనకు శ్రద్ధ తక్కువ. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తడి స్క్రూ తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు అక్కర్లేదు. పొడిగుడ్డతో తుడిచి, ఇంకా కొంత వెచ్చగా ఉన్న ఓవెన్‌లో కాసేపు పెడితే మర లోపలి తడి కూడా ఆరిపోతుంది. స్క్రూ మరకు ఒక్క చుక్క వంటనూనె రాసి, ఫోర్కులోకి బిగించకుండా విడిగా చిన్న సంచిలో వేసి ఉంచండి. బిగించి దాచిన స్క్రూ కొన్నాళ్లకు కదలదు. కదలకపోతే పట్టకారు పెట్టి తిప్పుతాం, తల విరుగుతుంది, ఫోర్కు మూలపడుతుంది. ఇంట్లో శాకాహారులు ఉంటే పనీర్‌కు, కూరగాయలకు వేరే సీకులు, వేరే ట్రే పెట్టడం ఉన్నవాటినే కడిగి వాడటం కంటే మంచి మర్యాద.

మరి ఈ పనంతా ఎవరు చేయాలి? ఆదివారం గ్రిల్ ముందు నిలబడి కోడిని తిప్పడం మన మగవాళ్లకు సరదా. చుట్టాలు వచ్చి మెచ్చుకుంటారు. అందరూ తిని లేచాక జిడ్డు ట్రే ముందు మిగిలేది ఎక్కువగా ఇల్లాలు, లేదా మర్నాడు పొద్దున వచ్చే పనమ్మాయి. ఆ అమ్మాయి వచ్చేసరికి కొవ్వు గడ్డకట్టి, మసాలా రాయై ఉంటుంది. ఇది న్యాయం కాదు. కోడిని చువ్వకు గుచ్చినవాళ్లే స్క్రూలు విప్పి నానబెట్టాలి. చువ్వ వెచ్చగా ఉన్నప్పుడు దాని దగ్గర ఉండేది వాళ్లే కాబట్టి, తేలికగా అయ్యేది కూడా వాళ్లకే.

ఇళ్ల సంగతి ఇలా ఉంటే, బయటి దుకాణాల సంగతి ఇంకా పెద్దది. సాయంత్రం అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా గ్రిల్ చికెన్ మిషన్‌లో వరుసగా కోళ్లు తిరుగుతూనే ఉంటాయి. అర్ధరాత్రి షట్టర్ సగం దించి, పద్దెనిమిది నిండాయో లేదో అనిపించే కుర్రాడు ఫుట్‌పాత్ మీద కూర్చుని చువ్వలు తోముతుంటాడు. ఒక బకెట్ చన్నీళ్లు, ఒక సబ్బు ముక్క, ఒక స్టీలు పీచు. రెండో చువ్వకే ఆ నీళ్లు నల్లబడతాయి, చివరి చువ్వ కూడా వాటిలోనే మునుగుతుంది. ఆ పిల్లవాడి వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంటుంది. తప్పు అతనిది కాదు. అతనికి ఎవరూ వేడి నీళ్లు ఇవ్వలేదు, ఫోర్కు మెడలో ఏముంటుందో ఎవరూ చూపించలేదు.

దుకాణాల్లో శుభ్రత లేకపోతే నష్టపోయేది తినేవాళ్లే. 2022 మే నెలలో కేరళలోని కాసరగోడ్ జిల్లాలో షావర్మా తిన్న ఒక విద్యార్థిని చనిపోయింది, చాలామంది ఆసుపత్రిలో చేరారు. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. వీటికి చువ్వలే కారణమని నేను అనడం లేదు. కానీ కాల్చిన కోడి కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు మిషన్ అద్దంలోంచి కోడి రంగు ఒక్కటే చూడకూడదని మాత్రం అంటున్నాను. కింది ట్రేలో నిన్నటి కొవ్వు ఉందా, పచ్చి కోళ్లను గుచ్చే చోటు, కాలినవాటిని కోసే చోటు ఒకటేనా, కత్తి ఒకటేనా చూడండి. తేడాగా ఉంటే యజమానితో మర్యాదగా, నలుగురూ వినేలా చెప్పండి. కొనేవాళ్లు అడిగితే దుకాణాలు మారతాయి.

దుకాణాల యజమానులకు నా విన్నపం ఇది. కట్టేసే వేళకు ఆ కుర్రాడికి వేడి నీళ్లు, రెండు బకెట్లు, ఒక జత గ్లవ్స్, సన్నటి బ్రష్ ఒకటి ఇవ్వండి. చువ్వలు కడిగే ఆ గంటకు కూడా జీతం లెక్కగట్టి ఇవ్వండి.